తోటి ప్రయాణికుని చూచు చూపు

మానవుని ఇంద్రియములలో నేత్రము మిక్కిలి చపలమైనది. నాలుక పలుకవలెనన్న కొంత యత్నము కావలెను. కన్నులు మాత్రము యజమాని అనుమతి లేకయే ఎదుటివానిపై వ్రాలును. ఇంటిలోను మఠములోను అందరును ఎరిగినవారే కనుక ఈ చాపల్యము అంతగా బయటపడదు. కనిగిరి నుండి హనుమంతునిపాడు వైపు పోవు పల్లెవెలుగు బస్సులో అది తేటపడును. తనలో తాను మాటలాడుకొను యువకుడు, మూటను ఒడినుండి దింపనొల్లని ముదుసలి, ఎవరితోను పలుకక కిటికీ కమ్మిని లెక్కించుచున్న బాలుడు – ఇట్టివారిని చూచుట దోషమా? చూడకుండుట ధర్మమా?

ఈ ప్రశ్న ప్రాచీనులకు ఇంతగా ఎదురైనది కాదు. 19వ శతాబ్దమున రైళ్లు, ట్రాములు, బస్సులు రాకముందు మనుష్యులు మాటలాడుకొనకుండ నిమిషములకొలది, గంటలకొలది ఒకరినొకరు చూచుచు కూర్చుండవలసిన స్థితి కలుగలేదని జర్మను తత్త్వవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లో ప్రకటించిన సమాజశాస్త్ర గ్రంథమున గుర్తించెను. తెలుగునేలపై నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో ఆరంభమయ్యెను. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడెను. వీధి వేరు, బావి వేరు, అరుగు వేరుగా బ్రతికినవారిని బస్సు ఒకే పలకపై కూర్చుండబెట్టెను. టికెట్టు కులమును అడుగదు.

అయితే టికెట్టు అడుగనిదానిని ప్రక్కవాడు అడుగును. మన దేశమున మౌనము ఎంతోసేపు నిలువదు. “ఏ ఊరండీ?” అనుట మర్యాద. “ఎవరింటికి పోవుచున్నారు?” అనుట కుతూహలము. “ఇంతకూ మీరేమిటివారు?” అనునప్పటికి చూపు తన రహస్యమును బయటపెట్టినది. ప్రత్యుత్తరము విన్నంతనే కొందరు చిరునవ్వుతో దగ్గరకు జరుగుదురు, మరికొందరు పంచె సవరించుకొని దూరముగా జరుగుదురు. ఎదుటి మనిషి మాత్రము ఆ క్షణమునకు ముందెట్లున్నాడో తరువాతను అట్లే ఉన్నాడు. వచ్చినవానిని పరాయివానిగా గాక తనవానిగా ఎంచవలెనన్న బసవేశ్వరుని బోధ ఈ మూడవ ప్రశ్నకే అడ్డుకట్ట. శరణులలో అంబిగర చౌడయ్య ఓడ నడుపువాడు. ఓడ ఎక్కినవారందరును అదే ఏటిని దాటవలసినవారు. ఒకని కులమునుబట్టి నీటి లోతు మారదు.

కులము అడుగనివాడును రూపమును చూచి తీర్పు చెప్పుట కలదు. ఒక వృద్ధుడు నడుము వంగి, మెడ త్రిప్పలేక, ప్రక్కకు చూడవలసివచ్చినపుడు దేహమంతయు త్రిప్పును. పిల్లలు నవ్వుదురు, పెద్దలు పూర్వకర్మ అందురు. నిజమేమి? కనిగిరి, పొదిలి ప్రాంతములు 1970లో నేటి ప్రకాశం జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు బిగిసి, వెన్ను వంగిన జనులను పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వైద్య పత్రికలలో ప్రకటించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. అంతకు మిక్కిలిగా ఉన్న నీటిని ఏండ్ల తరబడి త్రాగిన దేహమది. ఆయన చేసిన పాపము తన ఊరి బావినీరు త్రాగుటయే! వింతగా కనబడినది ఒక మనిషిదా, లేక ఆ నీటిని తరతరములుగా త్రాగనిచ్చిన సమాజముదా?

అన్ని వింతలకును రోగమే మూలమని అనరాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియై లాలించినది. అట్టి ముగ్ధభక్తులు నేడు బస్సులో కనబడినచో పదిమంది నవ్వుదురు. ఒకడు చేతిఫోనుతో బొమ్మ తీసి లోకమునకంతయు పంపును. బస్సులోని నవ్వు దిగువరకే యుండును. ఫోనులోని బొమ్మ ఆ మనిషిని ఇంటివరకును వెంటాడును.

అట్లయిన ఎవరిని చూడకుండుటయే మేలని కొందరందురు. ఒకసారి చూచి, ఎదుటివాని ఉనికిని అంగీకరించి, వెంటనే దృష్టి మరల్చుట నగరజీవన మర్యాదయని అమెరికా సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వివరించెను. వెకిలిచూపునకు అది మంచి మందే. కాని బిడ్డనెత్తుకొన్న తల్లి నిలువబడియుండగా కన్నులు మూసి నిద్ర నటించువాడును దృష్టి మరల్చినవాడే! 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ఆరంభమైనది. అటుపిమ్మట వారిని చూచి “ఊరక తిరుగుటకే ఎక్కుచున్నారు” అని ఎవడైన అన్నచో, ఆసుపత్రికో, కూలికో, పుట్టింటికో పోవు ఆమె గమ్యమును వాడు చూడలేదనియే అర్థము. చూపుండియు చూడకుండుట ఇది.

కనుక దోషము కంటిలో లేదు, చూపు వెంట ఏమి వచ్చుననుదానిలో ఉన్నది. చూపు వెంట ప్రశ్న వచ్చి కులమును వెదకిన అది భేదము. నవ్వు వచ్చిన అది హింస. జాలి మాత్రమే వచ్చి అక్కడనే ఆగిన, చూచినవాని మనస్సునకు తృప్తియే గాని చూడబడినవానికి ప్రయోజనము లేదు. చూపు వెంట చేయి కదలి, మూట అందుకొని, కొంచెము జరిగి చోటిచ్చిన అది దాసోహము. దాసోహమునకు మఠప్రాంగణమే కావలెనని లేదు; ముగ్గురు కూర్చుండు పలకపై జానెడు చోటు చాలును. ఆ చోటు పొందినవాని పేరు, ఊరు, కులము తెలియకపోయినను లోపము లేదు. ఆయన దిగి పోయిన పిమ్మట ఆ చోటు మరియొకరికి సిద్ధముగా ఉండవలెను.