నాటిన చేతులే నీరు పోయాలి

(ధ్యానాంశము: లూకా 13:1-9)



యెరూషలేములో సిలోయము దగ్గర ఒక గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారేదో ఘోరపాపము చేసి ఉంటారు, అందుకే దేవుడు శిక్షించాడు అని జనం చెప్పుకున్నారు. ప్రభువు ఆ మాటను ఒప్పుకోలేదు. చనిపోయినవారు మిగతా పట్టణవాసులకంటె ఎక్కువ పాపులేమీ కారని తేల్చి చెప్పాడు. అయితే అంతటితో ఊరుకోలేదు. పోయినవారి పాపాలు లెక్కపెట్టడం మాని, బ్రతికి ఉన్న మీరు హృదయపరివర్తన చెందండని వినేవారినే హెచ్చరించాడు. ఆ వెంటనే కాపు కాయని అంజూరపు చెట్టు ఉపమానము చెప్పాడు. ఈ రెండూ పక్కపక్కనే ఉండటంలో గొప్ప అర్థముంది.

సిలోయము నాటి మాట మన ప్రాంతములో ఇంకా చావలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. దాదాపు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. తాటాకు గుడిసెల్లో తలదాచుకున్న కూలీలకు, జాలరులకు తప్పించుకునే దారే లేకపోయింది. 2015 మే నెల వడగాడ్పులకు దేశములో 2,000 మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఎండలో పని మానితే పూట గడవనివారు, ఒంటరి ముసలివారు ఎక్కువగా బలయ్యారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇళ్ళను ముంచింది. ఇటువంటివి జరిగినప్పుడల్లా “ఎవరి పాపమో!” అని నిట్టూర్చేవారు మనలో ఉన్నారు. వడదెబ్బకు గట్టుమీదే కూలిపోయిన కూలీ చేసిన పాపమేమిటి? ప్రభువు నాడు చెప్పిన జవాబే నేటికీ జవాబు.

మరి పరివర్తన చెందవలసినవారు ఎవరు? బొగ్గు, పెట్రోలు, డీజిలు విపరీతంగా మండించడంవలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోయింది. యంత్రయుగానికి ముందు పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళుండే ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. అది దుప్పటి కప్పినట్లు భూమి వేడిని బయటికి పోనీయదు. వేడెక్కిన సముద్రము తుఫానుకు బలమిస్తుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోసుకొచ్చి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ప్రతి వరదకూ ఇదొక్కటే కారణమని అనలేము. బుడమేరు విషయములో కట్టలకు పడిన గండ్లూ, కాలువ ఆక్రమణలూ తోడయ్యాయి. కాని అవి కూడా మనుష్యుల చేతి పనులే. అంతా దేవుని శిక్ష అని పిలాతులాగా చేతులు కడుక్కునే వీలు మనకు లేదు.

తిరుసభ ఈ సంగతిని ఎప్పటినుండో చెబుతూనే ఉంది. రెండవ జాన్ పాల్ పాపుగారు 1990 జనవరి 1 శాంతిదిన సందేశములో సృష్టితో సమాధానాన్ని గురించి బోధించారు. ఫ్రాన్సిస్ పాపుగారు “లౌదాతో సీ” విశ్వలేఖపై సంతకము చేసినది 2015 మే 24న. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పల్లెల్లో వడదెబ్బ చావులు లెక్కపెడుతున్నారు. పేదల మొరను, భూమి మొరను వేరువేరుగా వినలేమని ఆయన నేర్పినది మనకు పుస్తకములో పాఠము కాదు, మన వీధిలో జరిగిన సంగతి.

ఇప్పుడు అంజూరపు చెట్టు దగ్గరకు వద్దాము. యజమాని మూడేండ్లు వచ్చి చూశాడు, కాయ లేదు. నరికివేయమన్నాడు. తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు. గమనించండి, అతడు గడువు మాత్రమే అడిగి ఊరుకోలేదు. చెట్టు చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానని తన పనిని ముందే ఒప్పుకున్నాడు. కనికరమంటే జాలిపడి వదిలేయడం కాదు, పలుగు చేతపట్టి పాదు చేయడము. చెట్టు నాటినవాడెవరో ఈ ఉపమానములో ప్రధానము కాదు. దగ్గర ఉండి చూసుకునేవాడు ప్రధానము.

ప్రతి ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవము జరుపుకుంటున్నాము. గుడి ఆవరణలో యువజన సంఘమువారు మొక్కలు నాటుతారు. గురువులు ఆశీర్వదిస్తారు, ఫోటో తీస్తారు. మరుసటి వేసవి నాటికి చాలాచోట్ల పాతిన కర్ర మిగులుతుంది, మొక్క మిగలదు. కొన్ని మేకలు తింటాయి, కొన్ని నీరు లేక ఎండుతాయి. మరుసటి జూన్‌లో అదే గుంటలో మరొక మొక్క, మరొక ఫోటో.

ఇది మన ఊళ్ళ సంగతే కాదు. మన కథోలిక సోదరులు ఎక్కువగా ఉన్న ఫిలిప్పీన్స్ దేశములో తీరరక్షణకు ఎంతో ధనము ఖర్చుపెట్టి లెక్కలేనన్ని మడ మొక్కలు నాటారు. నాటిన వాటిలో చివరికి నిలిచినవి 100కి 10 నుండి 20 మాత్రమేనని శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. నాటడానికి సులువైన రకాన్ని, అది బ్రతకలేని చోట నాటడము ఒక ముఖ్య కారణము.

తమిళనాడులో చిదంబరము దగ్గర పిచ్చావరములో దీనికి భిన్నంగా జరిగింది. అక్కడ పూర్వము అడవిని వంతులవారీగా నరకగా నేల గిన్నెలాగా కుంగిపోయింది. పోటునీరు లోపలికి వచ్చి నిలిచిపోయి, ఎండకు ఆవిరై, నేల ఉప్పుదేరింది. ఏ మొక్కా బ్రతకలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, ఊరివారు కలిసి ముందుగా చేపముల్లు ఆకారములో కాలువలు త్రవ్వారు. ఆటుపోట్ల నీరు వచ్చి పోసాగింది. అప్పుడు నాటిన మొక్కలు నిలబడ్డాయి. ఇదే పద్ధతిని మన కృష్ణా, గోదావరి సముద్రములో కలిసేచోట కూడా ఊరి ప్రజలతో కలిసి అనుసరించారు. 1999 అక్టోబరు 29న ఒడిషాను పెనుతుఫాను తాకినప్పుడు, కేంద్రపడ జిల్లాలో మడ అడవి అడ్డుగా ఉన్న పల్లెల్లో చావులు తక్కువని పరిశోధకులు కనుగొన్నారు. పలుగు పట్టినవారి శ్రమకు ఎంత విలువ ఉన్నదో చూడండి.

అస్సాములో జోర్హాట్ దగ్గర బ్రహ్మపుత్ర ఇసుక లంకలో జాదవ్ పాయెంగ్ అనే కుర్రవాడు సుమారు 1980లో అటవీశాఖ మొక్కల పథకములో కూలీగా పనిచేశాడు. అయిదేండ్లకు పథకము ముగిసింది. మిగతా కూలీలు వెళ్ళిపోయారు. అతడు మాత్రము ఉండిపోయాడు. నాటిన వాటికి నీరు పోశాడు, ఇంకా నాటాడు. నేడది 500 హెక్టార్లు దాటిన అడవి. 2015లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన చేసినదల్లా అందరూ వెళ్ళిపోయిన తర్వాత ఉండిపోవడమే.

ప్రియమైన యువతీయువకులారా, మీ ఉత్సాహాన్ని శంకించడము లేదు. వరద వచ్చినప్పుడు అన్నము పొట్లాలు మోసేది మీరే. కాని తొలి రోజు ఉత్సాహానికీ మూడవ ఏటి ఓపికకూ మధ్యనే సేవ అనే మాట నిజమో కాదో తేలుతుంది. వంద మొక్కలు నాటవద్దు. మీరు చూసుకోగలిగినన్నే, పది నాటండి. వేప, కానుగ, తాటి వంటి మన నేలకు అలవాటైనవి ఎంచుకోండి. తీరములో ఉన్నవారు మడ మొక్కల జోలికి పోయేముందు అటవీశాఖవారినీ, నీటి పోకడ తెలిసిన జాలరి పెద్దలనూ అడగండి. ఒక్కొక్క మొక్కకు ఎదురుగా ఒక పేరు రాసి పుస్తకము పెట్టండి. మీరు చదువుకు పట్నము వెళ్ళేటప్పుడు ఆ పేరు కొట్టివేసి మరొకరి పేరు రాసి, వారికి అప్పగించి వెళ్ళండి.

విచారణ పెద్దలారా, మీతో కూడా ఒక మాట. పిచ్చావరములో మొక్క తప్పు లేదు, నీటికి దారి లేదు. పిల్లలు మొక్కల కంచెకు వెయ్యి రూపాయలు అడిగితే “ముందు చదువుకోండి” అంటాము. పాలక పునీతుని పండుగకు బాణసంచా, విద్యుద్దీపాల ఖర్చు దగ్గరకు వచ్చేసరికి చేయి ధారాళమవుతుంది. బోరు గది తాళము ఒకరి జేబులో ఉంటుంది. ఆయన ఊళ్ళో లేకపోతే మొక్కకు నీరు లేదు. తరువాత “ఈ కాలము పిల్లలు ఏదీ నిలబెట్టుకోరు” అని మనమే అంటాము. యువతరము కాయడము లేదని నరికివేసే మాట అనేముందు, ఆ వేళ్ళ చుట్టూ మనము ఎంత త్రవ్వామో, ఎంత ఎరువు వేశామో ఆలోచించాలి.

మన ఆరాధన సంవత్సరమే ఈ పనికి మంచి పంచాంగము. తొలకరి తర్వాత జూలైలో సమాధుల తోటలో నాటండి. అక్టోబరు 4, పునీత అస్సీసిపుర ఫ్రాన్సిసువారి పండుగనాడు కలుపు తీసి పాదులు చేయండి. నవంబరు 2న మృతులకొరకు ప్రార్థించడానికి అందరూ అక్కడికే వస్తారు కదా, ఆ రోజు ఎన్ని బ్రతికాయో లెక్కచూసి గుడిలో ప్రకటించండి. విభూతి బుధవారము నుండి ఎండ ముదురుతుంది. తపస్కాలములో మాంసము మానడము మంచిదే. దానితోపాటు రోజుకొక బిందె నీరు మోయడము కూడా తపస్సే. పాస్కా పండుగనాటికి మళ్ళీ లెక్కచూడండి. ఆ పుస్తకములోనే వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల పేర్లూ రాసుకుని, వడగాడ్పుల రోజుల్లో ఉదయమొకసారి, సాయంత్రమొకసారి వెళ్ళి మంచినీళ్ళిచ్చి పలకరించి రండి. మొక్కను చూసుకునే చేయి మనిషిని మరువకూడదు.

“పది మొక్కలతో భూతాపము తగ్గుతుందా, ఫాదర్?” అని అడుగుతారు. తగ్గదు. అందుకు పెద్ద దేశాలు, పెద్ద పరిశ్రమలు తమ దారి మార్చుకోవాలి. మార్చుకోమని మనము గట్టిగా అడగాలి. కాని ఒక మొక్కను మూడు వేసవులు బ్రతికించినవారికి ప్రాణము విలువ తెలుస్తుంది. అటువంటివారు అడిగే మాటకు బలముంటుంది. ఆ నీడలో ఒక కూలితల్లి కూర్చుంటే, ఆమె మట్టుకు అది చిన్న పని కాదు.

ఆ ఏడాది తర్వాత అంజూరపు చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. తోటమాలి అడిగిన గడువు మాత్రము మనకు దొరికింది. ఈ ఆదివారము దివ్యబలిపూజ ముగిశాక ఒకసారి గుడి వెనుకకు వెళ్ళి, పోయిన జూన్‌లో నాటిన మొక్కలను చూడండి. బ్రతికి ఉన్నవాటికి నీరు పోయండి. ఎండినవాటి చోట, ఈసారి పేరు రాసి నాటండి.

సృష్టికర్తయైన తండ్రీ, మాకిచ్చిన గడువును వృథా చేయక, నీ తోటలో ఓపికగల పనివారిగా నిలిచే కృపను మా యువతకును, మాకును దయచేయుము. ఆమెన్.