లెక్క అడగడం ద్రోహమా?



రాత్రి తొమ్మిదిన్నర దాటింది. డ్యూటీకి వెళ్ళిన ఆడపిల్ల ఇంకా ఇంటికి రాలేదు. ఫోను పలకడం లేదు. తల్లి గుమ్మంలో, తండ్రి వీధి చివర. చివరకు అందరూ పోలీసు స్టేషనుకు పరుగెత్తారు. ఆ ఘడియలో ఆ కుటుంబానికి కావలసినదేమిటి? ఫిర్యాదు రాసుకునే ఒక కలం, వెంటనే కదిలే ఒక జీపు. అంతే. ‘ఇది మా పరిధి కాదు, పక్క స్టేషనుకు వెళ్ళండి’ అన్న మాట మాత్రం కాదు.

ఇది ఊహించి రాస్తున్నది కాదని మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. 2019 నవంబరు 27న శంషాబాదు దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. మరునాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిన శవంగా దొరికింది. ‘దిశ’ అని మనం పిలుచుకున్న బిడ్డ ఆమే. పరిధుల వాదనతో విలువైన సమయం పోయిందని కుటుంబం కన్నీళ్ళతో చెప్పింది. ఫిర్యాదు నమోదులో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు.

డిసెంబరు 6 తెల్లవారుజామున, పోలీసుల అదుపులో ఉన్న నలుగురు నిందితులు అదే చటాన్‌పల్లిలో పోలీసు కాల్పులలో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. మన ఇళ్ళలోనూ ‘మంచి పని జరిగింది’ అన్న మాట ఆ రోజు వినిపించలేదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకుందాం.

ఆ మాట అన్నవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో నిర్భయకు జరిగిన ఘోరానికి తుదిశిక్ష అమలయ్యేసరికి 2020 మార్చి వచ్చింది. ఏడేళ్ళు కోర్టు మెట్ల మీద కూర్చున్న తల్లిని చూసినవారికి ఓపిక నశిస్తే ఆశ్చర్యమేముంది? ఆడపిల్లలను కన్నవారి కోపం న్యాయమైనదే. ఆ కోపం ఎటు పోయిందన్నదే నా ప్రశ్న.

నవంబరు నెలాఖరులో ఊరంతా అడిగిన ప్రశ్నలను ఒకసారి గుర్తు చేసుకోండి. ఫిర్యాదు వెంటనే ఎందుకు తీసుకోలేదు? టోల్‌గేటు పక్కన లారీలు ఆగే చోట రాత్రిపూట గస్తీ ఎవరిది? దారిలో దీపాలు ఎవరు చూడాలి? ఇవన్నీ మన బిడ్డల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నలు. డిసెంబరు 6 తరువాత వాటిని అడిగిన గొంతులు ఎన్ని? తుపాకి చప్పుడులో నిందితులతోపాటు ఆ ప్రశ్నలు కూడా పోయాయి. పూలు చల్లిన చేత్తోనే లెక్క అడగడం ఎవరికైనా కష్టం.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ సంఘం 2022లో నివేదిక ఇచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని చెప్పింది. పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని సిఫారసు చేసింది. ఇది విచారణ సంఘం మాట గాని కోర్టు తీర్పు కాదు. తరువాత వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఆ నలుగురు దోషులేనా, కాదా? ఇక ఏ న్యాయస్థానమూ చెప్పలేదు. దిశ తల్లిదండ్రులకు కూడా రుజువైన సత్యం దక్కలేదు.

ప్రతి తపస్సుకాలంలో స్లీవమార్గపు మొదటి స్థలం దగ్గర మనం మోకరిస్తాం. అక్కడ ఉన్నదెవరు? అధికారి అదుపులో ఉన్న ఒక ఖైదీ, బయట కేకలు వేసే జనం, జనం కోరారని తీర్పు చెప్పి చేతులు కడుక్కున్న అధికారి. ఆ అధికారిని తప్పుపట్టే మనం, కేకలు వేసిన జనంలో ఎక్కడ నిలబడ్డామో చూసుకోవద్దా?

‘పోలీసులను లెక్క అడిగితే వారి మనోధైర్యం దెబ్బతింటుంది, దొంగలకు ధైర్యం వస్తుంది’ అంటారు కొందరు. వారాంతపు సెలవు లేక, పండుగ లేక, ఎండలో కూడలిలో నిలబడే కానిస్టేబులు కష్టం నేను కాదనను. కాని మన విచారణల సంగతి చూడండి. గుడి పండుగ అయ్యాక కోశాధికారి అందరి ముందు జమాఖర్చులు చదువుతాడు. అంతమాత్రాన ఆయనను దొంగ అన్నట్టా? నిజాయితీపరుడైన కోశాధికారి లెక్క చదవనివ్వమని తానే అడుగుతాడు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయనను కాపాడేది ఆ లెక్కే. మంచి పోలీసు విషయమూ అంతే. పైనుంచి తప్పుడు ఆజ్ఞ వచ్చినప్పుడు ‘రేపు జవాబు చెప్పాలి సార్’ అని కాదనగల బలం అతనికి లెక్క అడిగే వ్యవస్థ నుండే వస్తుంది.

మరి ఎవరిని అడగాలి? కొన్ని దేశాలలో నగర పోలీసు మేయరు కింద ఉంటుంది. ఓటరు మేయరును నిలదీయవచ్చు. మన దగ్గర దీపాలు, రోడ్లు నగరపాలక సంస్థవి. పోలీసు కమిషనరు రాష్ట్ర ప్రభుత్వం కింద. కార్పొరేటరు ‘పోలీసు నా చేతిలో లేదు’ అంటాడు, ఎమ్మెల్యే ‘చట్టం తన పని తాను చేస్తుంది’ అంటాడు, ఇన్‌స్పెక్టరు ‘పైవారి ఆజ్ఞ’ అంటాడు. ఈ సందులోనే సామాన్యుడు ఒంటరివాడవుతాడు. అందుకే 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రానికీ ప్రతి జిల్లాకూ విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల సంస్థలు ఉండాలని ఆదేశించింది. 2020లో ప్రతి స్టేషనులో, లాకప్పుతో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని చెప్పింది. మన జిల్లా సంస్థ కార్యాలయం ఎక్కడ? మన స్టేషనులో కెమెరా పనిచేస్తోందా? ఓటు అడగడానికి వచ్చినవారిని మనం ఎప్పుడైనా ఇవి అడిగామా?

ఇంతవరకు ఇతరుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన గురించి. 2021 జూన్ 18న రాచకొండ కమిషనరేట్‌లోని అడ్డగూడూరు స్టేషనుకు విచారణకు తెచ్చిన ఒక దళిత తల్లి పోలీసుల అదుపులో ప్రాణం విడిచింది. ఆమె ఒక చర్చిలో వంటపని చేసుకునేది. రెండు లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదు ఆ చర్చి నుండే వెళ్ళింది. ఆ తరువాత ముగ్గురు పోలీసులను ఉద్యోగాల నుండి తొలగించారు. పిల్లలకు తల్లి మాత్రం తిరిగి రాలేదు.

సొమ్ము పోయినవారు ఫిర్యాదు చేయడం తప్పు కాదు. కాని ‘నాలుగు తగిలిస్తే నిజం చెబుతుంది’ అన్న మాట మన నోట ఎన్నిసార్లు రాలేదు? గొలుసు కనబడకపోతే మొదట పనిమనిషి సంచి వెతికేది మనమే కదా! మన ఫిర్యాదు మీద మరొకరిపై పడే దెబ్బలో మనకు పాలు లేదని దేవుని ఎదుట చెప్పగలమా?

కనుక రెండు పనులు నేర్చుకుందాం. మనకు అన్యాయం జరిగినప్పుడు భయపడకుండా అడగడం మొదటిది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వవలసిందే. కాదంటే పై అధికారికి పోస్టులో పంపవచ్చు, ఆపైన మెజిస్ట్రేటు ఉన్నాడు. రెండవది కష్టమైనది: మనం వేలెత్తి చూపినవారి కోసం కూడా అడగడం. అరెస్టు చేసిన ఎవరినైనా, ప్రయాణ సమయం పోను, ఇరవై నాలుగు గంటలలోపు మెజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్ళాలి. ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప, పొద్దు గూకాక స్త్రీని అరెస్టు చేయరాదు. ఈ రక్షణలు మన ఇంటి పనిమనిషికీ ఉన్నాయి.

ఫిర్యాదు ఇచ్చి ఇంటికి వచ్చి నిద్రపోయిన మరునాడు, మళ్ళీ ఆ స్టేషనుకు వెళ్ళండి. ‘నా సొమ్ము దొరికిందా’ అని అడగండి. తప్పు లేదు. కాని అంతకు ముందు ఇంకొక మాట అడగండి: ‘నిన్న మీరు తీసుకువచ్చిన ఆ అమ్మ ఎలా ఉంది? అన్నం తిన్నదా?’