పెట్ట గుడ్లకొచ్చే దాకా

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువారి పెరళ్లలో కరివేపాకు కుండీల పక్కన, గోంగూర మళ్ల పక్కన కోళ్ల గూళ్లు వెలుస్తున్నాయి. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు ఎగబాకింది. బర్డ్ ఫ్లూ వల్ల కోట్లాది కోళ్లు పోయాయి. కొన్ని దుకాణాలు మనిషికి డజనుకు మించి ఇవ్వలేదు. పెరట్లో కోళ్లుంటే ఈ బాధ ఉండదుగదా అన్న ఆలోచన చాలా ఇళ్లలో అప్పుడే పుట్టింది. అయితే గూడు, ఇనప జాలీ, దాణా బస్తా, వెచ్చదనానికి దీపం కొనేసరికి ఇంటి గుడ్డు చవక కాదని తేలిపోతుంది. అది తెలిశాక కూడా పెంచుతున్నవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లలో తొలి గుడ్డుకు ముందు గడిచే ఐదారు నెలల్లో పిల్లలకు అబ్బుతున్నదేమిటో మన సంఘాలన్నీ పట్టించుకోవాల్సిన విషయం.

కోడిపిల్లలు ఇంటికి చేరడమే ఒక వింత. అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒక రోజు కోడిపిల్లల్ని పార్సిల్‌లో చేరవేస్తోంది. గుడ్డులోంచి బయటికొచ్చే ముందు పిల్ల పచ్చసొనను కడుపులోకి లాగేసుకుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. తల్లి రెక్కల కింద దొరకాల్సిన వెచ్చదనాన్ని మాత్రం ఇంటివాళ్లే ఇవ్వాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. దీపం మరీ కిందికుంటే పిల్లలు దూరంగా పోయి రొప్పుతాయి, పైకుంటే ఒకదాని మీదొకటి ఎక్కి కిచకిచలాడతాయి. చూసి సర్దడం పదేళ్ల పిల్లకు కూడా చేతనవుతుంది.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఎదురుచూపు. తెల్ల లెగ్‌హార్న్ అయితే 16 నుంచి 20 వారాల్లో గుడ్లకొస్తుంది. రోడ్ ఐలండ్ రెడ్ మరికాస్త ఆలస్యం. ముద్దొస్తుందని తెచ్చుకున్న బఫ్ ఆర్పింగ్టన్ ఆరు నెలలు దాటించినా ఆశ్చర్యం లేదు. పక్కింటి పెట్ట పెట్టేసిందని మన పెట్టను తొందరపెట్టడానికి ఏ మార్గమూ లేదు. అడిగిన వస్తువు మర్నాడు గుమ్మంలో వాలే ఊళ్లో పెరుగుతున్న పిల్లలకు ఈ అనుభవం బొత్తిగా కొత్త.

సరిగ్గా ఈ ఐదారు నెలలే మన పెద్దవాళ్లు ఇక్కడ ఉండే కాలం కూడా. సందర్శకుల వీసా మీద వచ్చేవారికి మామూలుగా ఆరు నెలలుండేందుకు అనుమతి దొరుకుతుంది. చలి తగ్గాక ఏప్రిల్‌లో వచ్చి, సెప్టెంబరు అక్టోబరుల్లో వెళ్లిపోయే అమ్మమ్మలు, నానమ్మలు ఎందరో. భాష రాని వీధి, నడపలేని కారు, రోజంతా ఖాళీ ఇల్లు వాళ్లను కుంగదీస్తాయి. పెరట్లో నాలుగు కోడిపిల్లలుంటే మాత్రం ఆ ఇంట్లో పెద్ద అనుభవశాలి అమ్మమ్మో నానమ్మో. పల్లెల్లో ఇంటి కోళ్లను సాకింది ఆడవాళ్లే, గుడ్లమ్మిన చిల్లర కొంగున ముడేసుకున్నదీ వాళ్లే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది కూడా పెరటి పెంపకం కోసమే. ఆ తరం ఆడవాళ్లకు తెలిసిన విద్యను మనవలు పుస్తకాల్లో వెతుక్కోవడం ఏం బాగుంటుంది?

పెట్ట గుడ్లకొస్తోందని ఆవిడ చూపించేవి చిన్న చిన్న గుర్తులే. పాలిపోయిన గులాబీ రంగులో ఉన్న తురాయి, ముక్కు కింది తోలు ఒక్కసారిగా ఎర్రబారతాయి. చేయి చాపితే పారిపోయే పెట్ట కాస్తా రెక్కలు కొంచెం విప్పి, వీపు వంచి నేలకు అణిగిపోతుంది. గూట్లో మూలమూలలా దూరి గడ్డిని కెలుకుతుంది, కొక్కరిస్తూ తిరుగుతుంది. ఇంకా అనుమానముంటే పెట్టను చంకలో ఇరికించుకుని తోక కింద వేళ్లు పెట్టి చూస్తారు. అక్కడి రెండు సన్నటి ఎముకల మధ్య ఒక వేలు కూడా సరిగ్గా పట్టకపోతే ఇంకా టైముంది. రెండు మూడు వేళ్లు పడితే నేడో రేపో. మనవరాలి వేళ్లను తన వేళ్లతో పట్టుకుని ఆ ఎడం చూపించడం ఏ బడిలోనూ దొరకని పాఠం. గడ్డిలో ఒక గుడ్డు వదిలేస్తే పెట్ట అక్కడే పెడుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడివాళ్లు అదే పని గోల్ఫ్ బంతితో చేస్తారు.

అయితే పెద్దవాళ్ల లెక్క కూడా ఇక్కడ ఒకచోట తప్పుతుంది. కారణం సూర్యుడు.

కోడి పగటిని కళ్లతోనే కాదు, పుర్రె గుండా మెదడు లోపలికి చొచ్చుకుపోయే వెలుగుతో కూడా గుర్తిస్తుంది. పగలు పొడుగవుతుంటే మెదడు అండాశయాన్ని నిద్రలేపుతుంది, కురచబడుతుంటే ఆపేయమంటుంది. గుడ్లు జోరుగా రావాలంటే 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరులో కూడా పగలు 11 గంటలకు తగ్గదు, జూన్‌లో 13 గంటలు కాస్త దాటుతుంది. అంత చిన్న తేడాను మన ఊళ్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సియాటిల్‌లో జూన్‌లో దాదాపు 16 గంటలుండే పగలు డిసెంబరు చివరికి ఎనిమిదిన్నర గంటలకు పడిపోతుంది. అందుకే ఏప్రిల్‌లో పొదిగించిన పిల్ల సెప్టెంబరులో గుడ్లకొస్తే, జూలైలో పొదిగించింది డిసెంబరు దాటి ఫిబ్రవరి దాకా నోరు మెదపకపోవచ్చు. జబ్బేమీ కాదు, తిండి తక్కువా కాదు. పగలు పెరిగేదాకా దాని ఒళ్లు ఆగుతుంది, అంతే.

గూట్లో బల్బు పెట్టి పగటిని పొడిగించే పద్ధతి ఉంది. వ్యాపారానికి పెంచేవాళ్లు అలాగే చేస్తారు. ఒళ్లు ఎదగని లేత పెట్టను వెలుగుతో ముందే గుడ్లకు తెస్తే గుడ్డు అడ్డంపడటం, అండవాహిక బయటికి రావడం వంటి ప్రమాదాలుంటాయి. నాలుగు కోళ్లున్న ఇంట్లో అంత అవసరమేముంది? ఎదురుచూడటం నేర్పే అవకాశాన్ని స్విచ్చి వేసి పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

దాణా విషయంలో కూడా తొందర చేటు చేస్తుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు కోసం కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. ఎదిగే కోడిపిల్లలకు దాన్ని ముందే పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. గుడ్లు మొదలయ్యేదాకా ఎదిగే పిల్లల దాణానే వాడాలి, ఆల్చిప్ప గుల్లను విడిగా గిన్నెలో ఉంచితే కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. నానమ్మ చల్లే నూకలు, మిగిలిన అన్నం చిరుతిండి వరకే. కోళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలన్న నియమం ఇంట్లో అందరికీ ఉండాలి. కోళ్ల నుంచి అంటుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పసిపిల్లల్ని, పెద్దవాళ్లను ముందు పట్టుకుంటుంది.

ఒక గుడ్డు తయారవడానికి కోడికి పూర్తి రోజు పడుతుంది, అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే. తొలి గుడ్డు ఒక్కోసారి పిట్ట గుడ్డంత, ఒక్కోసారి పెంకే లేని తోలుగుడ్డు, మరోసారి రెండు సొనలది. కంగారు పడక్కర్లేదు, కొన్ని వారాల్లో కుదురుకుంటుంది. ఒక ఒంట్లోంచి ఇంత శ్రమతో వచ్చిందని కళ్లారా చూసిన పిల్ల కంచంలో సగం అట్టు వదిలేసి లేవడానికి వెనకాడుతుంది. గుడ్డు ముట్టని పెద్దవాళ్లున్న ఇళ్లలో ఆ గుడ్లు పొరుగింటికి వెళ్తాయి, పేర్లు కూడా తెలియని పొరుగువాళ్లతో మాట కలుస్తుంది.

పుంజు లేకుండా గుడ్లెలా వస్తాయని అడిగేవాళ్లు మనలో చాలామందే. వస్తాయి, పొదిగితే పిల్లలు కావు. సియాటిల్ నగరం 2010లో ఇంటికి మూడు కోళ్ల పరిమితిని ఎనిమిదికి పెంచుతూ, కొత్త పుంజులను మాత్రం వద్దంది. కోడిపిల్లల్లో ఆడా మగా వేరుచేసే పని నూటికి నూరుపాళ్లు కచ్చితంగా జరగదు కాబట్టి, ముద్దుగా పేరు పెట్టుకున్న పెట్ట మూడో నెలలో కూత పెట్టొచ్చు. దాన్ని ఎవరికివ్వాలో, ఆ ఇంట్లో దాని గతి ఏమిటో పిల్లలు అడుగుతారు. నిజం చెప్పాలి. ఎక్కడో పొలంలో హాయిగా ఉందని కథ చెప్పి తప్పించుకుంటే, తిండి వెనక ఉండే ప్రాణం గురించి వాళ్లు తెలుసుకోవలసింది తెలియకుండానే పోతుంది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న మూడో ఏట వస్తుంది. పెట్టలు మొదటి రెండేళ్లు బాగా పెట్టి, ఆ తర్వాత ఏటేటా తగ్గిస్తాయి. బతకడం మాత్రం ఆరు నుంచి ఎనిమిదేళ్లు. గుడ్లు ఆగిన కోడిని ఉంచుకోవాలా, కోసుకోవాలా, ఇచ్చేయాలా అన్నది కోడిపిల్లల్ని తెచ్చుకోకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. మాంసం తినే ఇల్లైనా, తినని ఇల్లైనా ఆ మాటకు కట్టుబడటం ముఖ్యం. ఉంచుకునేవాళ్లు ఎనిమిదీ ఒకేసారి కొనకుండా మూడు నాలుగుతో మొదలుపెడితే మంచిది. మూడో వసంతంలో రెండు కోడిపిల్లల్ని తెచ్చుకోవడానికి చోటు మిగులుతుంది. పాతవి కొత్తవాటిని పొడుస్తాయి కాబట్టి, కొన్నాళ్లు జాలీకి అటూ ఇటూ ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, ఆ తర్వాతే కలపాలి. కలిపిన మొదటి రాత్రి చీకటి పడ్డాక కొత్తవాటిని ఎత్తి పాతవాటి పక్కన దండెం మీద కూర్చోబెట్టి, మర్నాడు తెల్లారగానే ఒకసారి చూసి రావాలి. మేత గిన్నెలు రెండు చోట్ల పెడితే కొట్లాట తగ్గుతుంది.