పరీక్ష ఎవరికి?

2021 మే నెలలో ఒకరోజు పొద్దున్నే మా గూడకి కరోనా పరీక్షలు చేసేవాళ్లు వచ్చారు. వాళ్ల జీపు వాగు దాటేసరికే సగం ఇళ్లకి గొళ్లాలు పడ్డాయి. కొందరు జీడితోటల్లోకి, కొందరు పోడు మీదికి పోయారు. ముసలివాళ్లూ పిల్లలూ మిగిలారు. వచ్చినవాళ్లలో ఒకాయన నావైపు తిరిగి, "చూశారా మాస్టారూ, మీవాళ్లకి అవగాహన లేదు" అన్నాడు.

నేనేమీ అనలేదు. అనడానికి నాకు మొహం లేదు. అంతకు ముందు వారమే నాకు మూడు రోజులు జ్వరం, దగ్గు వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు మింగి ఊరుకున్నాను. టీచర్ ట్రైనింగ్ చేసినవాణ్ణి. మాస్కు ఎందుకు పెట్టుకోవాలో, చేతులు ఎలా కడుక్కోవాలో పిల్లలకి నేర్పినవాణ్ణి. మరి నేను అవగాహన లేక దాచానా?

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. నా ఒంట్లో రోగం ఉందో లేదో తెలుసుకోవడం నా ఇష్టమా, నా బాధ్యతా?

మోకాలి నొప్పి అయితే నా ఇష్టమే. చూపించుకుంటాను, లేకపోతే ఓర్చుకుంటాను. నష్టం నాకే. ఊపిరితో పాకే రోగం అలాంటిది కాదు. కరోనా సోకిన మనిషి తనకి జ్వరం, దగ్గు మొదలవడానికి రెండు రోజుల ముందునుంచే ఎదుటివాళ్లకి అంటించగలడు. నేను వదిలిన గాలినే పక్కవాడు పీలుస్తాడు. సంతకి పోయే ఆటోలో పదిమంది ఒకరిమీద ఒకరు కూర్చుంటాం. ఒంటిగది ఇంట్లో తాత నుంచి పసిబిడ్డ దాకా ఒకేచోట పడుకుంటాం. ఇలాంటిచోట "నా రోగం నా ఇష్టం" అనే మాట నిలబడదు.

పరీక్ష గురించి కూడా ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి. ర్యాపిడ్ పరీక్ష వైరస్‌లోని ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. 15 నుంచి 30 నిమిషాల్లో ఫలితం చెబుతుంది. ఒంట్లో వైరస్ తక్కువగా ఉంటే అది పట్టుకోలేకపోవచ్చు. అందుకే లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించమన్నారు. అది వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి వెతుకుతుంది కాబట్టి మరింత నమ్మకమైనది. కానీ నమూనా ల్యాబుకి పోవాలి. ఆ రోజుల్లో ఫలితానికి రోజులు పట్టేది. ఫోనుకి మెసేజ్ వస్తుందనేవారు, సిగ్నల్ కోసం మనం గుట్ట ఎక్కాలి. ఇక నెగెటివ్ అంటే ఆ రోజు మాటే, రేపటికి అది హామీ కాదు. పరీక్ష రోగాన్ని నయం చేయదు. అది ఒక కబురు తెస్తుంది, అంతే. ఆ కబురు అందాక ఊరు ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

అందరికోసం ఒకరు తమని తాము ఆపుకోవడం మన పెద్దలకి తెలియనిది కాదు. కందికొత్త చేయకముందు చేలో కంది పండినా నోట్లో వేసుకునేవాళ్లు కాదు. మామిడికొత్త కాకముందు కాయ కళ్లముందు ఊగుతున్నా ముట్టేవాళ్లు కాదు. ఎవరి ఆకలి వాళ్లదే. అయినా ఊరంతా కలిసి కొత్త తినే రోజుదాకా చెయ్యి ఆపుకునేవాళ్లు. కరోనా వచ్చిన కొత్తలో, 2020 ఏప్రిల్‌లో, మన్యంలో చాలా గూడలవాళ్లు దారికి అడ్డంగా దుంగలు, కొమ్మలు పెట్టుకున్నారు. ఆ కొమ్మలు నరకమని ఎవరూ సర్క్యులర్ పంపలేదు. ఆ ఏడు మే నెల వచ్చేదాకా విజయనగరం జిల్లాలో ఒక్క కేసూ నమోదు కాలేదు.

బయటివాణ్ణి ఆపడం తేలిక. రోగం మనలోనే ఒకరికి వస్తే ఆ కొమ్మ ఎక్కడ అడ్డం పెడతాం? ఆ మనిషికీ మనకీ మధ్య పెడతాం. చాలాచోట్ల అదే జరిగింది.

2020 జూన్‌లో పలాసలో జరిగింది మన ప్రాంతంలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక పెద్దాయన చనిపోయాడు. పాజిటివ్ అని తెలిశాక ఆయన శవాన్ని జేసీబీ తొట్టిలో పెట్టి తీసుకుపోయారు. వీడియో బయటికి వచ్చాక అధికారులను సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ సంగతి ఎంతమందికి చేరిందో గాని, ఆ జేసీబీ బొమ్మ మాత్రం ప్రతి ఫోనులోకీ చేరింది. నిన్నటిదాకా పేరూ వరసా ఉన్న మనిషి, ఒక్క మాటతో మట్టితో సమానమైపోయాడు. ఆ బొమ్మ చూసినవాడు పరీక్షకి ముక్కు చాపడానికి జంకితే అది అజ్ఞానం అందామా?

మరుసటి ఏడు, 2021 మేలో, తెలంగాణలోని నల్గొండ జిల్లా కొత్తనందికొండలో ఒక గిరిజన విద్యార్థికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో విడిగా ఉండడానికి గది లేదు. ఇంటిముందు చెట్టుమీద వెదుళ్లతో మంచె కట్టుకుని 11 రోజులు గడిపాడు. పేపర్లవాళ్లు వింతగా రాశారు. నాకు వింత అనిపించలేదు. ఆ కుర్రవాడు తన బాధ్యత తను చేశాడు. అతను చెట్టెక్కవలసి వచ్చిందంటే మిగిలినవాళ్లం మన బాధ్యత చేయలేదనే అర్థం.

నాకు అర్థమైంది ఇది. పరీక్ష రెండువైపులా ఉండే బాకీ. దగ్గు, జ్వరం ఉన్న మనిషి ఊరికి నిజం బాకీ. నిజం చెప్పిన మనిషికి ఊరు అన్నం బాకీ. గడపలో గంజో, చోడి అంబలో పెట్టి దూరంగా నిలబడి పలకరించాలి. అతని మేకలు తోలుకుపోవాలి. పోడుమీద అతని కాపలా మరొకరు కాయాలి. తగ్గాక పక్కన కూర్చోబెట్టుకోవాలి. ప్రభుత్వం కూడా బాకీయే. వేరే గది లేనివాడికి గది చూపాలి, కూలి పోయినవాడికి బియ్యం ఇవ్వాలి, డోలీ మోయక్కరలేని దారి వేయాలి. ముక్కులోంచి నమూనా తీసుకుని వెళ్లిపోతే సరిపోదు.

"అయితే ఊరు తన బాకీ తీర్చేదాకా నేను దాచుకోవచ్చా?" అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. జవాబుగా నా సంగతే చెప్పాను.

నాకు జ్వరం వచ్చిన రెండో రోజు పక్కింటి మామ్మ మా అరుగుమీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. నేను వద్దనలేదు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాల్సి వస్తుందని. తర్వాత ఆమెకి జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీద ఉండి లేచింది. ఆమెకి నానుంచే వచ్చిందా? ఎవరూ చెప్పలేరు. నేను పరీక్ష చేయించుకుని ఉంటే తెలిసేది. నెగెటివ్ వచ్చి ఉంటే నామీద నాకు అనుమానం ఉండేది కాదు. పాజిటివ్ వచ్చి ఉంటే ఆమెని ముందే జాగ్రత్త పడమనేవాణ్ణి. దాచుకుని నేను మిగుల్చుకున్నది ఏమిటి? మామ్మ ఇప్పటికీ "మాస్టారు బాబూ" అని ప్రేమగా పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ నాకు తల వంగిపోతుంది.

నేను జీతం తీసుకునేవాణ్ణి. పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చున్నా నా బియ్యం డబ్బాకి లోటు రాదు. జీడిపిక్కల కూలికి పోయే మనిషికి మూడు రోజులే ఎక్కువ. బాధ్యత అందరిదీ అంటాం, నిజమే. కాని దాని బరువు అందరికీ ఒకటి కాదు. ఎవరికి నష్టం తక్కువో వాళ్లే ముందు నిలబడాలి. మాస్టారు, సెక్రటేరియట్ ఉద్యోగి, సర్పంచి ముందు ముక్కు చాపి, "నాకు వచ్చింది, పది రోజులు మా ఇంటికి రావొద్దు" అని నోరు తెరిచి చెబితే, కూలివాడికి ఆ మాట చెప్పడం కొంచెం తేలికవుతుంది. జీడితోటలోకి పారిపోయినవాళ్లని తిట్టే హక్కు దాచుకున్న నాకు లేదు.

2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ ప్రశ్న మాత్రం ముగియలేదు. ఫ్లూ ప్రతి ఏడూ వస్తుంది. అది వైరస్, క్షయ బాక్టీరియా. రెండూ గాలిలోనే పాకుతాయి. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్లె పరీక్ష చేయించమని ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. క్షయ అని తేలితే మందులు ఉచితం, పోషణకి నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మందూ డబ్బూ ప్రభుత్వం ఇవ్వగలదు. పక్కన కూర్చోవడం మనమే ఇవ్వాలి.

ఇప్పుడు మా తరగతిలో ఎవరైనా దగ్గితే "దూరంగా పో" అనే మాట నిషేధం. కిటికీలు తెరుస్తాం. దగ్గే బిడ్డకి మాస్కు ఇస్తాం, నేనూ ఒకటి పెట్టుకుంటాను. ఇంటి దగ్గర ఉండిపోయిన బిడ్డకి ఆ రోజు పాఠం ఎవరు పట్టుకెళ్లాలో పిల్లలే వంతులు వేసుకుంటారు. గుమ్మం బయట నిలబడి చెప్పి వస్తారు. మొన్న మూడో తరగతి పాప ఒకతె వచ్చి, "సార్, నాకు రాత్రి నుంచి జ్వరంగా ఉంది, నన్ను ఇంటికి పంపండి" అని తనంతట తానే చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది.