సరంగు మాట

తెనాలిలో ఒక కిరాణా వర్తకుడు, బాపట్లలో ఒక మాస్టారు ఉండేవారు. వర్తకుడి కూతుర్ని మాస్టారి కొడుక్కిచ్చి చేశారు. పెళ్లయిన ఏడాది తిరిగేసరికి వియ్యంకులిద్దరికీ అండమాన్ దీవులు చూడాలన్న కోరిక పుట్టింది. కొత్త దంపతులనూ, బడికి వెళ్లే వర్తకుడి చిన్నకొడుకునూ వెంట తీసుకెళ్దామనుకున్నారు. వాళ్లలో ఎవరూ అంతవరకు సముద్రం దాటినవాళ్లు కారు.

వర్తకుడి అక్కగారిది రేపల్లె. ఆవిడ అత్తవారి పొలం కృష్ణ పాయకు అవతల, లంకలో ఉంది. కాపురానికి వచ్చింది మొదలు పొద్దున్నే పడవెక్కి లంకకు పోవడం, అరటి తోటలో, పసుపు మళ్లలో పని చూసుకుని చీకటి పడేలోగా రేవుకు చేరడం ఆవిడకు అలవాటు. పెనుమూడి–పులిగడ్డ వంతెన లేని రోజుల్లో దివిసీమలో చుట్టాలింటికి పోవాలన్నా పడవే దిక్కు. "అక్కయ్యా, నువ్వూ రావాలి" అని తమ్ముడు పట్టుబడితే ఆవిడ సరేనంది.

మాస్టారు ప్రయాణం మొత్తం కాగితం మీద పెట్టారు. చెన్నైలో విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో శ్రీవిజయపురం. 2024 సెప్టెంబరు దాకా ఆ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. మొదటి రోజు సెల్యులార్ జైలు. రెండో రోజు షహీద్ ద్వీప్. మూడు, నాలుగు రోజులు స్వరాజ్ ద్వీప్. ఐదో రోజు పొద్దున బోటులో శ్రీవిజయపురం చేరి, మధ్యాహ్నం విమానంలో తిరుగు ప్రయాణం. ఏ గంటకు ఎక్కడుండాలో పక్కనే రాసి ఉంది.

అక్కగారు ఆ కాగితం చదివించుకుని వింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇందులో ఖాళీ రోజేదయ్యా?" అంది.

"ఖాళీ ఎందుకు అక్కయ్యగారూ? ఒక్క గంట కూడా వృథా కాకుండా లెక్క వేశాను" అన్నారు మాస్టారు.

"నీళ్లు దాటి పోయేటప్పుడు వెనకాల ఒక రోజు పెట్టుకోవాలి. ఏరు పోనిస్తే పోతాం, లేకపోతే ఒడ్డున కూచుంటాం."

"అదంతా మన పాతకాలం రేవుల్లో అక్కా" అన్నాడు వర్తకుడు. "ఇప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువ పడేస్తే ఎక్కడైనా దారి దొరుకుతుంది."

ఆవిడ మరి వాదించలేదు. తన సంచిలో మాత్రం కొన్ని వంద, యాభై నోట్లు, అల్లం మురబ్బా, టార్చిలైటు, మంచినీళ్ల సీసా, తిథులున్న చిన్న క్యాలెండరు సర్దుకుంది.

రెండో రోజు షహీద్ ద్వీప్‌లో దిగారు. అక్కడి లక్ష్మణ్‌పూర్ తీరంలో అలలు తొలిచిన రాతి వంతెన ఒకటి ఉంది. మాస్టారి కాగితంలో దానికి రాసిన వేళ ఉదయం పది. తీరా వెళ్లేసరికి దారంతా నీళ్లు. రాళ్ల మీద అలలు విరుచుకుపడుతున్నాయి. కొత్త అల్లుడు ప్యాంటు మడిచి, అంచు పట్టుకుని నడిచిపోదామన్నాడు. అక్కగారు అక్కడే కొబ్బరిబోండాలు కొడుతున్న ముసలాయన దగ్గరికి పోయింది. ఆయనది తాతలనాడు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం.

"పాటు ఎప్పుడు నాయనా?"

"ఇప్పుడు నిండు పోటమ్మా. ఈ రోజు అమావాస్య కదా, పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. సాయంత్రం నాలుగింటికి రండి, నడిసెల్లిపోవచ్చు."

నాలుగింటికి వెళ్లేసరికి సముద్రం వెనక్కి తగ్గి ఉంది. పొద్దున అలలు కొట్టుకున్న చోట ఇప్పుడు రాళ్ల గుంటల్లో తేట నీళ్లు నిలిచాయి. అరచేతి వెడల్పు గుంటలో నీలిచారల చేపపిల్లలు మూడు గిరగిర తిరుగుతున్నాయి. పక్కన రాతిలో ఇరుక్కున్న పెద్ద ఆల్చిప్ప ఒకటి మనిషి నీడ పడగానే నోరు మూసుకుంది. అందరూ చెప్పులు ఉంచుకునే నడిచారు, అక్కడి పగడపు రాయి పాదాన్ని కోసేస్తుంది కాబట్టి. పిల్లవాడు కొమ్మలా విరిగిన తెల్లటి పగడపు ముక్కను ఏరి జేబులో వేసుకున్నాడు. దారి చూపడానికి వచ్చిన బోండాల ముసలాయన అది గమనించాడు.

"బాబూ, దాన్ని అక్కడే ఎట్టెయ్యి. అది సచ్చిపోయిందైనా తీసుకెళ్లకూడదు. విమానం కాడ సంచులు ఎతుకుతారు. అదొక్కటీ కాదు, నువ్వొకటి, ఎనకొచ్చినోడొకటి ఏరుకుంటే మాకు ఒడ్డే మిగలదు."

పిల్లవాడు ముక్కను తీసిన గుంటలోనే మెల్లగా పెట్టాడు.

అయిదు దాటిందో లేదో చీకటి కమ్ముకొచ్చింది. అందరూ ఆశ్చర్యపోయారు. మాస్టారు కాసేపు ఆలోచించి, "మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఈ దీవులు 92 డిగ్రీలు దాటి ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు గడియారం కంటే నలభై నిమిషాలు ముందుంటాడు" అని వివరించారు. ఆ వివరం కాగితం రాసేటప్పుడు ఆయనకు తోచలేదు. అక్కగారి టార్చిలైటు వెలుగులో రాళ్లు దాటి రోడ్డెక్కారు.

నాలుగో రోజు స్వరాజ్ ద్వీప్‌లో పొద్దుటి నుంచి గాలి మారింది. ఆకాశం తూర్పున బూడిదరంగు తిరిగింది. అక్కగారు జెట్టీ దగ్గరికి నడిచి అక్కడి కళాసీని అడిగింది.

"రేపటి సంగతి చెప్పలేం అమ్మా. హార్బరు నుంచి కబురొస్తే బోట్లు ఆపేస్తారు. ఈ సాయంత్రం బోటు మాత్రం ఉంది" అన్నాడతను.

ఆవిడ వచ్చి సాయంత్రమే బయల్దేరదామంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం ఈ రోజుకే పెట్టాను అక్కయ్యగారూ. టికెట్లు రేపటివి." వర్తకుడు నవ్వాడు. "బోటు ఆగితే ప్రైవేటు పడవ మాట్లాడుకుందాం. ఎంతైనా ఇద్దాం." ఆ సాయంత్రం మబ్బు వెనకే పొద్దు కుంగింది.

రాత్రంతా గాలి. తెల్లారి జెట్టీకి పోతే గేటు మూసి ఉంది, బోట్లన్నీ రద్దు. మధ్యాహ్నం విమానం. వర్తకుడు పర్సు తీసి, చేపల పడవలు కట్టేసిన చోటికి పోయాడు. పాతిక కూడా నిండని కుర్రాడొకడు వల సరిచేసుకుంటున్నాడు. శ్రీవిజయపురానికి దాటిస్తే పదివేలిస్తానన్నాడు వర్తకుడు. కుర్రాడు తల ఊపాడు, కుదరదని. ఇరవై అన్నాడు. కుర్రాడు సముద్రం వైపు చూశాడు. ముప్పై అనేసరికి వాడి చేతిలో వల ఆగిపోయింది. వాడు వెనక్కి తిరిగి, గుమ్మంలో చంటిబిడ్డనెత్తుకుని నిలబడ్డ భార్యను చూశాడు.

అక్కగారు తమ్ముడి చేయి గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్, వాడు కాదంటాడని నేను భయపడట్లేదు. ఒప్పుకుంటాడేమోనని భయపడుతున్నా."

వర్తకుడు ఆగాడు.

"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో కృష్ణకు వరదొచ్చింది. పెళ్లివారు రేవులో నిలబడి ఉన్నారు, ముహూర్తం అవతలి ఒడ్డున. సరంగును బతిమాలారు, డబ్బు చూపించారు, తిట్టారు కూడా. ఆయన గెడ తీసి ఇసకలో గుచ్చి దాని పక్కనే కూచున్నాడు. 'ముహూర్తం మీకు ఇంకోటి దొరుకుద్ది. నేను రేపు కూడా ఈ రేవులో ఉండాల' అన్నాడు. అంత గట్టిగా చెప్పగలిగాడంటే ఆయనకు కడుపు నిండి ఉండబట్టి. ఈ కుర్రాడికి ఇల్లు గడవాలి. నీ తొందర వాడి ఆకలి మీద పెట్టి తూస్తావా?"

వర్తకుడు పర్సు మడిచాడు. కుర్రాడు ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ వల చేతిలోకి తీసుకున్నాడు.

మరి రెండు రోజులు అక్కడే ఉండిపోయారు. ఫోన్ల సిగ్నలు వచ్చీ పోతూ ఉంది. ఫోనుతో డబ్బు కడదామంటే కుదరలేదు, ఏటీఎంలో నోట్లు అయిపోయాయి. అక్కగారి సంచిలోని చిన్ననోట్లతోనే అందరి భోజనాలూ గడిచాయి. లాడ్జి యజమాని 2016 డిసెంబరు సంగతి చెప్పాడు. అప్పుడు ఇదే దీవిలో, పక్కనున్న షహీద్ ద్వీప్‌లో వందలాది మంది యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వచ్చి తీసుకెళ్లాయట. ఆ వాతావరణమే ముదిరి వార్దా తుపానై చెన్నై మీద విరుచుకుపడింది.

మాస్టారు ఆ రెండు రోజులూ పెద్దగా మాట్లాడలేదు. బాపట్లలో ఉండగా సూర్యలంక తీరానికి వచ్చే పైఊళ్ల కుర్రాళ్లను ఎన్నోసార్లు ఆయనే వారించారు: లోపలికి పోకండి, అలలు కనబడేంత మంచివి కావు అని. తన ఊళ్లో తెలిసిన ఆ మాట, ఇంకొకరి ఊళ్లో అడుగుపెట్టగానే మరిచిపోయారు.

మూడో రోజు బోట్లు కదిలాయి. విమానం టికెట్లు మళ్లీ కొన్నారు. బోటెక్కే ముందు వర్తకుడు ఆ కుర్రాడి పడవ దగ్గరికి పోయి, "ఆ రోజు అలా అడగాల్సింది కాదు బాబూ" అన్నాడు.

నీతి

మన తొందరకు ఇంకొకరి ప్రాణం వెల కాకూడదు. దీవికి తొలిసారి వెళ్లేవాళ్లకు చెప్పవలసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలోంచే పుడతాయి.

అన్నిటికన్నా ముందు జాగ్రత్త ఖాళీ రోజు. చిన్న దీవి నుంచి బోటులో వచ్చిన రోజునే విమానం ఎక్కేలా ప్రయాణం పెట్టుకోకండి. ఆఖరి రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే గడపండి. అప్పుడు బోటు ఆగినా మీరు ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఎవరికీ డబ్బు ఆశ చూపనక్కర్లేదు. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా అండమాన్‌లో జోరువానలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తడం చూసిన జిల్లాలవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రైళ్లే ఆగిపోయాయి. సముద్రం మధ్యనున్న ఊరికి ఇంకెంత ఇబ్బంది ఉంటుందో ఆలోచించండి.

రెండోది, అడగడం. ఏ తీరంలో దిగినా మొదట అక్కడివాళ్లను పోటు, పాటు వేళలు అడగండి. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి తగ్గుతుంది, ఆ వేళలు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకు, పున్నమికి ఉద్ధృతి ఎక్కువ. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎంత తేట నీళ్లయినా దిగకండి. సూర్యుడు త్వరగా అస్తమిస్తాడు కాబట్టి చూడాల్సినవి పొద్దున్నే మొదలుపెట్టండి. బోటు ఎక్కే ముందు కడుపు నిండా తినకండి, వాంతులయ్యేవాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర ముందుగానే వేసుకుని బోటు మధ్యలో కూర్చోండి. ఆధార్ కార్డు, కొంత చిల్లర నగదు, మీ నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక అక్కడ ఫోన్లు, నెట్టు బాగుపడ్డాయి, అయినా గాలివాన రోజున వాటిని నమ్ముకుని ఉండలేం.

మూడోది, తాకకుండా చూసి రావడం. పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతుంది. చచ్చిన ముక్కను తెచ్చుకున్నా తప్పే. బారాటాంగ్ దీవికి పోయే రోడ్డు జరావా ఆదివాసుల అడవిలోంచి వెళ్తుంది. అక్కడ బండి ఆపడం, వాళ్ల ఫొటో తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం. మన కుతూహలం కోసం వాళ్లు రోడ్డు పక్కన నిలబడాల్సిన పని లేదు.

దీవిలో యాత్రికుడు నాలుగు రోజులుంటాడు. సరంగు, బోండాల ముసలాయన, జరావాలు అక్కడే ఉంటారు, మన వెనక వచ్చేవాళ్లకూ వాళ్లే దారి చూపాలి. అందుకే సరంగు వద్దన్న రోజున ఒడ్డునే ఉండండి. వద్దనడం అతనికి కష్టమయ్యే పరిస్థితి మాత్రం తీసుకురాకండి.