పొరుగువాని కంచె కదిలించి చూడవచ్చునా?



పావగడ తాలూకా నాగలమడిక వైపు వేరుశనగ చేలు ఎరిగినవారికి కావలి సంగతి చెప్పనక్కరలేదు. పందులు పడితే ఎవరు ఎటు పరుగెత్తాలో ముందే అనుకొని ఉండుట బుద్ధిగల పని. పొరుగువాడు మేలుకొని ఉన్నాడో లేదో చూద్దామని రాత్రివేళ వాని కంచె కదిలించి వచ్చుట మాత్రం వేరు. దేశాలు ఈ రెండు పనులూ చేస్తాయి.

2006 నవంబరు 27న మన శాస్త్రజ్ఞులు ఒక పృథ్వి క్షిపణిని శత్రువు క్షిపణిగా ఎంచి చాందీపూర్ నుండి వదిలారు. ఒడిశా తీరంలోని వీలర్ దీవి నుండి మరొకటి లేచి దానిని ఆకాశంలోనే కొట్టింది. పృథ్వి మన హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.లో రూపొందినదే. శత్రువు వేషమూ మనదే, దెబ్బా మనదే. నాగలమడికకు పడమటగా ఉన్న చళ్లకెరెలో 2017లో ప్రారంభమైన పరీక్షా కేంద్రంలో పైలట్ లేని విమానాలను ఎగురవేసి చూచేదీ మన ఆకాశంలోనే. వీటిలో నాకు దోషం కనబడదు.

ఎదుటివాని రాడార్లు ఎప్పుడు మేల్కొంటాయో తెలుసుకొనుటకు వాని హద్దు దగ్గరకు విమానాన్నో డ్రోనునో పంపుట అలా కాదు. పంపినవాడికి అది పరీక్షేనని తెలుసు. అవతల రాడార్ ముందు కూర్చున్న కుర్రవాడికి ఎవరు చెప్పాలి? 1983 సెప్టెంబరు 1న, అమెరికా నిఘా విమానాలు తరచుగా తిరిగే సోవియట్ తూర్పు తీరం మీదికి ఒక కొరియా ప్రయాణికుల విమానం దారి తప్పి వచ్చింది. గూఢచారి విమానమని దానిని కూల్చారు. 269 మంది పోయారు.

శత్రువు బలం తెలియకుండా యుద్ధానికి పోతే మన బిడ్డలే చస్తారు గదా అని సైన్యంలో పనిచేసినవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. యుద్ధం మొదలైన తరువాత నేనూ వారితో వాదించను. శాంతికాలంలో మాత్రం, మన ఆరాటానికి వెల ఆ విమానంలోని వారివంటి వారు చెల్లించుట న్యాయమా?

2022 మార్చి 9న మన దేశం నుండి పొరపాటున ఒక క్షిపణి ఎగిరి పాకిస్తానులో మియాఁ చన్నూ దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు. మన ప్రభుత్వం విచారం తెలిపి, తరువాత ముగ్గురు అధికారులను ఉద్యోగం నుండి తీసివేసింది. పాకిస్తాను తిరిగి కొట్టలేదు. ఆ సాయంకాలం రెండు దేశాల ప్రజలనూ కాచినది ఎదుటివాని ఓర్పే. ఒప్పుకొనుటకు మనకు కష్టంగా ఉన్నా సరే.

బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించేముందు కనీసం మూడు రోజుల ముందుగా ఒకరికొకరు తెలుపుకోవాలని ఈ రెండు దేశాలు 2005 అక్టోబరులో ఒప్పందం చేసుకొన్నాయి. కంచె దగ్గరకు పోయేముందు కేక వేయుట అన్నమాట. మియాఁ చన్నూ దగ్గర పడినది క్రూయిజ్ క్షిపణి. ఆ జాతి ఇంకా ఒప్పందంలో చేరలేదు.