ఊరి ఊపిరిలో పదో వంతు



దేవుడు మట్టితో మనిషిని చేసి అతనిలో జీవశ్వాసను నింపాడని ఆదికాండము రెండవ అధ్యాయం మనకు తెలుపుతుంది. ఇల్లు, పొలం, బంగారం అన్నీ ఆ తరువాత వచ్చినవే. మనిషి మొదట అందుకున్న వరం ఊపిరి. హెబ్రీ భాషలో ‘రూవా’ అనే ఒక్క మాటకే గాలి, ఊపిరి, ఆత్మ అనే మూడు అర్థాలున్నాయి. గురువిద్యాలయంలో ఆ మాట నేర్చుకున్నప్పుడు పరీక్షకు పనికివచ్చే సంగతి అనుకున్నాను. అది నా మనస్సాక్షిని తాకడానికి చాలా ఏళ్లు పట్టింది.

పల్నాటిలో ఒక విచారణకు గురువుగా ఉన్న రోజులవి. గుడి ఆవరణలో మూడు పెద్ద వేపచెట్లు ఉండేవి. పండుగనాడు పందిరికి, బళ్లు నిలపడానికి జాగా చాలడం లేదని పెద్దలు అన్నారు. నేను సరేనన్నాను. చెట్లు కొట్టించి ఆవరణమంతా సిమెంటు చేయించాము. ఆ ఏడు పండుగకు అందరూ మెచ్చుకున్నారు. తరువాత వేసవి వచ్చింది. రెంటచింతల ఎండ ఎరిగిన మీకు వేరే చెప్పనక్కరలేదు. పూజ ముగించుకొని బయటికి వచ్చిన ముసలివాళ్లు గచ్చుమీద కాలు పెట్టలేకపోయారు. గుడి వెనుక వీధిలో ఉబ్బసంతో బాధపడే ఒక తల్లి, “చెట్లున్నప్పుడు రోడ్డు దుమ్ము ఇంతగా ఇంట్లోకి వచ్చేది కాదు ఫాదర్ గారూ” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఆత్మశోధన చేసుకుంటుంటే ఆమె మాటే చెవిలో మోగింది.

ఆమె చెప్పింది నిజమే. ఆకులు గాలిలోని దుమ్మును పట్టి ఉంచుతాయి. వాన పడితే అది కడుక్కుపోయి నేలకు చేరుతుంది. వేళ్లు, గడ్డి మట్టిని ఎగరనివ్వవు. నీడ వీధిని చల్లబరుస్తుంది. చెట్టు తీసి సిమెంటు పరిస్తే, పగలంతా కాగిన గచ్చు రాత్రి కూడా సెగ కక్కుతుంది. దానిమీద పడిన దుమ్ము ప్రతి బండి చక్రానికీ మళ్లీ లేస్తుంది. ముతక దుమ్మును ముక్కు కొంత ఆపుతుంది. రెండున్నర మైక్రాన్ల నలుసు మన తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటుంది. దానిని ముక్కు ఆపలేదు; ఊపిరితిత్తుల లోతుకు దిగిపోతుంది.

అయితే చెట్టు అన్నిటికీ మందు కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఎందరికో కూడు పెట్టాయి. వాటి పొగను, దుమ్మును బట్టీ దగ్గరే అదుపు చేయాలి. పక్కన నాలుగు మొక్కలు నాటి ఊరుకుంటే చాలదు. బట్టీకీ బడికీ మధ్య, లారీల దారికీ ఇళ్లకూ మధ్య ఎంత ఎడం ఉండాలో ముందే ఆలోచించాలి. ఏ జాగాలో ఏది కట్టాలన్న నిర్ణయమే, ఎవరు ఎలాంటి గాలి పీల్చాలో కూడా నిర్ణయిస్తుంది. డబ్బున్నవాడు దూరంగా ఇల్లు కట్టుకుంటాడు. బట్టీ కూలి అక్కడే పడుకుంటాడు.

2019లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించినప్పుడు, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన గుంటూరు ఉంది. నరసరావుపేట, మాచర్ల అందులో లేవు. లేవు కనుక మన గాలి మంచిదేనని ధీమా పడకూడదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమయింది. ఊరు పెరుగుతుంది, పెరగాలి కూడా. కాని పొలం ప్లాట్లుగా మారేటప్పుడు లేఅవుటులో పదో వంతు స్థలాన్ని ఉమ్మడి ఖాళీ జాగాగా వదలాలని మన రాష్ట్ర నిబంధన. పదో వంతు అనగానే మనకు దశమభాగం గుర్తుకు రావాలి. ఆ జాగాలో ఒకడు షెడ్డు వేసుకున్నా, దేవుని పేరు చెప్పి మనమే ప్రార్థనాలయం కట్టినా, పొరుగువాడి ఊపిరిలో వాటా కాజేసినట్లే.

లేవీయుల పట్టణాల చుట్టూ నలువైపులా కొలిచి బీడు వదలాలని సంఖ్యాకాండము 35వ అధ్యాయం చెబుతుంది. దానిని అమ్మరాదని లేవీయకాండము 25వ అధ్యాయం శాసిస్తుంది. అది పశువుల మేతకోసమే. అయినా ఊరికి ఇళ్లొక్కటే చాలవన్న వివేకం అందులో ఉంది. లేవీయులు దేవాలయ సేవకులు. కనుక ఆ ఆజ్ఞ మొదట మా వంటివారికే తగులుతుంది. ఇంటికి ఇల్లు కలుపుకుంటూ ఇతరులకు చోటు మిగల్చని వారిని యెషయా ప్రవక్త ఐదవ అధ్యాయంలో గట్టిగా హెచ్చరించాడు. ఆస్తి మనదే అయినా దానిని వాడేటప్పుడు ఇతరుల అవసరం చూడాలని పునీత తోమా అక్వినాసు బోధించారు. పోపు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, పట్టణాల్లో పచ్చని చోట్లు కొందరికే దక్కి పేదల వాడలకు అందకపోవడాన్ని ఎత్తిచూపారు.

ఆ విచారణ వదిలే ముందు సిమెంటు కొంత పగలగొట్టించి రెండు వేపమొక్కలు, ఒక కానుగ నాటించాను. పెద్ద చెట్లను కొట్టడానికి ఒక పూట పట్టింది. నీడ తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. పశ్చాత్తాపం కూడా అంతే. పాపసంకీర్తనంతో క్షమాపణ దొరుకుతుంది గాని, పోగొట్టిన దానిని నీళ్లు పోసి పెంచుకోవాలి.

మీ ఇంటి ముందు మూరెడు మట్టినైనా సిమెంటు లేకుండా వదలండి. చెత్తను, రాలిన ఆకులను తగలబెట్టకండి. ప్లాటు కొనేముందు, పార్కుకు వదిలిన జాగా ఏదని అడగండి. గుడి ఆవరణలో చెట్టు కొట్టాలని మీ గురువులు అంటే, గౌరవంగానే, వద్దని చెప్పండి. నాకు ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మనకు ఊపిరినిచ్చిన తండ్రి, పొరుగువాని ఊపిరిని కాపాడే మనసు కూడా మనకు అనుగ్రహించునుగాక. ఆమెన్.